కంచె ఎవరి పేరు మీద? బన్నేరుఘట్ట అంచున ఒక గ్రాంటు డైరీ

ఏప్రిల్, మూడో వారం

బన్నేరుఘట్ట నేషనల్ పార్కుకు ఆనేకల్ వైపు అంచులో ఒక ఊరు. అక్కడ మూడు పనులకు నిధులు తేవాలి. ఏనుగులు రాకుండా పొలాల వెంబడి సోలార్ కరెంటు కంచె, ఆవులున్న ఇళ్లకు గోబర్ గ్యాస్, ఆవుల్లేని ఇళ్లకు పొగగొట్టం ఉన్న నీళ్ల పొయ్యి, అంటే స్నానాల నీళ్లు కాచేది. ఊరి పేరు రాయను. అడవి పక్క ఊరని తెలిస్తే చాలు, ఈమధ్య ఫామ్‌హౌస్ ప్లాట్లవాళ్లు కార్లేసుకుని దిగిపోతున్నారు.

ఇళ్లల్లో తెలుగే. బడిలో, బస్సులో, ఫారెస్టు ఆఫీసులో కన్నడం. ఆనేకల్ నుంచి హోసూరు దాకా ఇలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. జయనగర్‌లోని మా ట్రస్టు ఆఫీసులో ఈ పని నా నెత్తికి వచ్చింది కూడా అందుకే.

నిధులిచ్చేవాళ్లతో మాట్లాడేటప్పుడు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. బెంగళూరు జనానికి బన్నేరుఘట్ట అంటే సఫారీ బస్సు, పులి, సీతాకోకచిలుకల పార్కు. అది బయలాజికల్ పార్కు. దాన్ని 2002లో విడదీశారు, ఇప్పుడు జూ అథారిటీ కింద నడుస్తోంది. అసలు నేషనల్ పార్కు దాని వెనక ఉంది, 1974 నుంచీ, 260 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బన్నేరుఘట్ట, ఆనేకల్, హారోహళ్లి, కోడిహళ్లి రేంజీలు. దక్షిణాన కావేరి అభయారణ్యం, తూర్పున తమిళనాడు తళి అడవులు. మ్యాపులో ఇన్ని పేర్లున్నా ఏనుగుకు అంతా ఒకటే అడవి.

ఫోన్లో ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు) మేనేజరు గారు, "మేం ఆల్రెడీ బన్నేరుఘట్టలో ఏనుగును దత్తత తీసుకున్నామండీ" అన్నారు. మంచిదే. ఆ ఏనుగు మాత్రం ఎవరి రాగి చేలోకీ రాదు.

మే

నెలంతా తలుపులు తట్టడమే.

మా ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి విదేశీ డబ్బు ఊసు లేదు. ఉన్నవాళ్లకైనా సుఖమేం లేదు. 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తెచ్చుకున్న డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థ డబ్బు తేవడం, ఊళ్లో పాతుకుపోయిన చిన్న సంస్థ పని చేయడం అనే పాత పద్ధతికి ఆ చివరి నిబంధనతో చెల్లుచీటీ రాసేశారు.

ఐక్యరాజ్యసమితి సంస్థలను ఆ చట్టం విదేశీ మూలంగా లెక్కపెట్టదు. అందుకని యూఎన్‌డీపీ నడిపే జీఈఎఫ్ (పర్యావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ వైపు కూడా చూశాం. 1992 నుంచీ ఉంది, ఊరి సంఘాలకూ చిన్న సంస్థలకూ చిన్న మొత్తాల్లో ఇస్తుంది. కానీ వాళ్లు పిలిచినప్పుడే దరఖాస్తు పెట్టాలి. ఏ పనికి, ఏ ప్రాంతానికి అన్నదీ వాళ్ల ఇష్టమే. అలా చూస్తూ కూర్చునే తీరిక మాకు లేదు.

మా ట్రస్టీల్లో ఒక పెద్దాయన అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ప్రపోజల్ రాసే ముందు 90ల నాటి ఇండియా ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు గురించి చదవమని పట్టుబట్టారు. ప్రపంచ బ్యాంకు, జీఈఎఫ్ కలిసి డబ్బు పెట్టిన పని అది. గిర్, రణథంబోర్, పెంచ్, పలామౌ, బక్సా, పెరియార్, మన నాగరహొళె. అడవి మీద బతికే ఊళ్లకు వేరే బతుకుతెరువు చూపిస్తే అడవికి ఊపిరాడుతుందని లెక్క. నాగరహొళెలో ఆదివాసులు, మా హక్కులు తేల్చకుండా ఈ డబ్బేమిటని ఎదురుతిరిగి, 1998లో ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ దాకా వెళ్లారు. పెరియార్‌లో మాత్రం అడవిలో దొంగచాటుగా చెక్క ఒలిచి అమ్ముకునేవాళ్లే కమిటీ కట్టుకుని, పర్యాటకులకు దారి చూపించే గైడ్లయ్యారు.

కాగితం ఒకటే, డబ్బు ఒకటే. పెరియార్ ఎందుకు నిలబడిందని అడిగితే ఆయన చెప్పిన కారణాల్లో నాకు పనికొచ్చింది ఇది: ప్రాజెక్టు ముగిశాక కూడా అక్కడ డబ్బు వచ్చే దారి ఉంది. సందర్శకుల మీద సర్‌చార్జి వేసి, దాన్ని ఒక ఫౌండేషన్‌కు మళ్లించారు. గ్రాంటు ఆగినా గైడు జీతం ఆగలేదు. మన ఊళ్లో గ్రాంటు ఆగాక ఏమిటి? ఈ ప్రశ్న అప్పుడే నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను.

మిగిలింది సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత దాటినా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. బెంగళూరులో అలాంటి కంపెనీలకు కొదవేం లేదు. మాకు ఆదాయపన్ను మినహాయింపులకు కావాల్సిన 12ఏ, 80జీ, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నంబరు మూడూ ఉన్నాయి. పొద్దున లేచి పీపీటీలు పంపడమే.

జూన్

ఊళ్లో మీటింగు, గుడి అరుగు మీద. మహిళా సంఘం వాళ్లు ముందు వరసలో, మగవాళ్లు వేపచెట్టు కింద బీడీలతో.

గ్యాస్ సిలిండరు లేని ఇల్లు లేదు. అయినా పొద్దున్నే అడవి అంచుకు కట్టెలకు పోతారు. ఎందుకంటే వంటకు కాదు, స్నానాల నీళ్లకు. "అన్నం గ్యాస్ మీదనే వండుతాము. ఇంట్లో ఆరు మందికి నీళ్లు కూడా దాని మీదనే కాస్తే సిలిండరు పదైదు దినాలు రాదప్పా" అంది సంఘం అధ్యక్షురాలు. ఈ ఒక్క మాట చాలా ప్రపోజళ్లలో కనిపించదు. ఊరికి గ్యాస్ వచ్చింది కాబట్టి అడవి కట్టె మీద ఒత్తిడి తీరిపోయిందని రాసేస్తారు. చలికాలం పొద్దున ఆ ఊళ్లో అడుగుపెడితే ప్రతి పెరట్లోనూ నీళ్లకాగు కింద పొగ కనిపిస్తుంది. కాలేది ఎక్కువగా లాంటానా కంప. ఆ కంప గుబురు వెనక ఏనుగు నిలబడితే పది అడుగుల దూరంలోనూ కనబడదు.

గోబర్ గ్యాస్ లెక్క అందరికీ కుదరదు. రెండు ఘనమీటర్ల దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోల దాకా పేడ, అంతే నీళ్లు కావాలి. నాలుగు పశువులైనా ఉన్న ఇంటికే అది సాగుతుంది. డెయిరీకి పాలు పోసే ఇళ్లలో సీమ ఆవులు కొట్టంలోనే ఉంటాయి కాబట్టి పేడకు ఇబ్బంది లేదు. కానీ వాళ్లు ఎక్కువ కట్టెలు తెచ్చేవాళ్లు కారు. రోజూ కంపలో దూరేది ఆవుల్లేని ఇళ్ల ఆడవాళ్లు. గోబర్ గ్యాస్ ఒక్కటే పెడితే ఉన్నవాళ్లకే ఇంకాస్త ఇచ్చినట్టు అవుతుంది. అందుకే నీళ్ల పొయ్యి కూడా పెట్టాం. తక్కువ కట్టెతో కాగుతుంది, పొగ గొట్టంలో పోతుంది. ఫొటోకు అంత బాగుండదు, నిజమే.

కంచె దగ్గరకు వచ్చేసరికి మగవాళ్లూ అరుగెక్కారు. అందరికీ కావాలి. అప్పుడు అధ్యక్షురాలక్క అడిగిన ప్రశ్నే ఈ డైరీకి అసలు విషయమైంది.

"అది సరే గానీ, తీగ ఎవరిది? మాదా, ఫారెస్టోళ్లదా, దుడ్డిచ్చినోళ్లదా?"

ఎవరూ పలకలేదు.

జులై

పక్క ఊళ్లో చచ్చిపోయిన కంచెను చూసొచ్చాను. ఎవరు వేయించారన్నది ఇక్కడ అనవసరం. బోర్డు మీద పేర్లు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి.

ఫారెస్టు వాచర్ అన్న వోల్టు మీటరు తెచ్చాడు. తీగలోకి కరెంటు దెబ్బలు పంపే ఎనర్జైజర్ పెట్టె దగ్గర ఆన్ చేశాం. ఆరోగ్యంగా ఉన్న కంచెలో సెకనుకో దెబ్బ చొప్పున టిక్కు టిక్కుమంటూ, కిలోవోల్టుల్లో చదవాలి. మీటరు దాదాపు పలకలేదు. కంచె వెంట నడిస్తే కారణం అడుగడుగునా కనిపించింది. కింది తీగను వానగడ్డి పట్టుకుని ఉంది, తడిగా. ప్రతి గడ్డిపోచా కొంచెం కొంచెం కరెంటును భూమిలోకి దించేస్తుంది. ఒకచోట గొర్రెల కాపరి తీగను స్తంభానికి కట్టి దారి చేసుకున్నాడు. ఇంకోచోట ఒక చెట్టు విరిగి తీగ మీద పడి ఉంది. ఏనుగే పడేసిందని అన్న చెప్పాడు, అవి అలా చేస్తాయి. దంతానికి షాకు తగలదని కూడా వాటికి తెలుసు. బ్యాటరీ మూత తీస్తే లోపల ప్లేట్లు ఎండిపోయి తెల్లగా పొడిబారి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి లేడు. నలభై, యాభై రూపాయల డబ్బా.

ఇక్కడ అసలు ప్రమాదం ఇంకోటి. సోలార్ కంచె పనిచేయకపోతే ఎవడో ఒకడు లైను నుంచి నేరుగా కరెంటు లాగి తీగకు తగిలిస్తాడు. ఎనర్జైజర్ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, తగిలితే ఎగిరిపడతామే గానీ పోము. నేరుగా కరెంటు అంటే చావే, ఏనుగుకూ, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషికీ. నేరం కూడా. మెయింటెనెన్స్ లేని కంచె, కంచె లేకపోవడం కంటే ప్రమాదం అంటాను నేను. మా వాళ్లలో కొందరు ఒప్పుకోరు.

కొత్తదానికి వేలాడే కంచె అనుకుంటున్నాం. ఎత్తైన స్తంభాల మీద తీగ, దాని నుంచి సన్నని తీగలు కిందికి వేలాడుతూ నేలకు కాస్త పైన ఆగుతాయి. గడ్డి అందదు, కుందేలూ అడవిపందీ కింద దూరిపోతాయి, ఏనుగు మొహానికి మాత్రం తగులుతుంది. సప్లయరు కొటేషన్ కిలోమీటరుకు ఆరు లక్షల పైన. పాత రైలు పట్టాలతో కట్టే అడ్డుగోడ అయితే కిలోమీటరుకు కోటి దాటుతుంది, అది సర్కారు పని. గడ్డి అందకపోయినా, లాంటానా పాకే తీరు చూస్తే అది మాత్రం రెండు వానలకే అందుకుంటుంది. కోసే మనిషి ఎలాగూ కావాలి.

ఆగస్టు

ఒక కంపెనీ ఒప్పుకుంది. తర్వాత బడ్జెట్ మీద బేరం మొదలైంది.

మొదట వాళ్ల హెచ్ఆర్ నుంచి కోరిక: ఉద్యోగుల వాలంటీరింగ్ కోసం వెయ్యి మొక్కలు నాటుదామా? నేషనల్ పార్కులో మనం గుంతలు తవ్వి మొక్కలు పెట్టడానికి లేదని, అక్కడి పొడి అడవికి వాటి అవసరమూ లేదని చెప్పాను. నచ్చలేదు గానీ వదిలేశారు.

తర్వాత అసలు పేచీ. మా షీటులో కంచెకు, ప్లాంట్లకు, పొయ్యిలకు పక్కన మూడేళ్ల మెయింటెనెన్స్ అని ఒక వరస ఉంది. కంచె కాపలా మనిషి జీతం, బ్యాటరీ, గడ్డి కోత కూలి. అది ఎర్రరంగులో వెనక్కి వచ్చింది: "రికరింగ్ ఖర్చులు మా పాలసీలో లేవు." ఇంకో ఎర్ర గీత మా ఫీల్డ్ స్టాఫ్ జీతం మీద: "5 శాతం మించకూడదు."

ఈ రెండో గీత గురించి కాస్త కోపంగానే రాస్తాను. నిబంధనల్లో 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చు మీద. ప్రాజెక్టును రూపొందించడం, అమలు చేయడం, పర్యవేక్షించడం కోసం నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదని ఆ నిర్వచనంలోనే ఉంది. కానీ ఆ 5 శాతం కర్రతో ఊళ్లో తిరిగే మనిషి జీతాన్ని కొట్టడం అలవాటైపోయింది. మా అకౌంటెంట్ ఆ రూలు కాగితం ప్రింటు తీసి, పసుపు గీత గీసి పంపింది. ఫోన్లో ఎంత వాదించినా కానిది ఆ పసుపు గీతతో అయింది.

మెయింటెనెన్స్ వరసకు వేరే దారి వెతికాం. సీఎస్ఆర్‌లో "ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు" అని ఉంది. మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్లు నడవొచ్చు. ఖర్చు కాని డబ్బును మార్చి 31 తర్వాత 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చి ఉంచుతారు. కంచె వేయడం మొదటి ఏడాది పని, దాన్ని బతికించడం మిగతా మూడేళ్ల పని, రెండూ కలిపి ఒకే ప్రాజెక్టు అని తిరగరాశాం. అంకెలు మారలేదు, ఉన్న గడులు మారాయి. కంపెనీ బోర్డు ముందుకు వెళ్తుందన్నారు.

అక్క ప్రశ్నకు జవాబు కూడా ఆ రూల్స్‌లోనే దొరికింది. 2021 నుంచీ సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. సీఎస్ఆర్ నంబరున్న ధర్మసంస్థ పేరు మీదో, ప్రభుత్వ సంస్థ పేరు మీదో, లేదంటే లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం పేరు మీదో ఉండాలి. మా ట్రస్టు పేరు మీద పెట్టుకోవడం సులువు. అటవీ శాఖకు ఇచ్చేస్తే ఇంకా సులువు, బోర్డు పెట్టి దండం పెట్టి రావచ్చు. సంఘం పేరు మీద పెట్టాలన్నదే నా పట్టు. పేరు ఎవరిదో గడ్డి కోయాల్సిందీ వాళ్లే.

సెప్టెంబరు

ఫారెస్టు ఆఫీసు. అధికారి సూటిగానే చెప్పారు. పార్కు హద్దు లోపల స్తంభం వేయాలంటే పై నుంచి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ స్థాయిలో అనుమతి రావాలి. పట్టా భూముల గట్టు మీద అయితే ఇక్కడి ఉత్తరంతో మొదలుపెట్టొచ్చు. అందుకని కంచె మొత్తం పట్టా వైపే.

ప్రపోజల్‌కు బలం ఇచ్చిన కాగితం ఇంకోటి ఉంది: 2020 మార్చిలో వచ్చిన ఎకో సెన్సిటివ్ జోన్ (పార్కు చుట్టూ ఆంక్షలుండే ప్రాంతం) నోటిఫికేషన్. 2016 ముసాయిదాలో దాదాపు 269 చదరపు కిలోమీటర్లున్న జోన్, ఖరారయ్యేసరికి 168.84కు కుంచించుకుపోయింది. ఆ వంద చదరపు కిలోమీటర్ల కథ వేరే. కానీ ఉన్నంతలో నిషేధాల జాబితాతో పాటు ప్రోత్సహించాల్సిన పనుల జాబితా కూడా ఉంది. బయోగ్యాస్, సౌరశక్తి, వాననీటి నిల్వ, సేంద్రియ సాగు. ఆ జాబితాను యథాతథంగా మా రెండో పేజీలో పెట్టాం.

ఆఫీసు బయట వాచర్ అన్న మ్యాపు మీద వేలు పెట్టి, "ఇక్కడ మూయొద్దు సార్, ఇది వాటి దారి" అన్నాడు. ఊరి దక్షిణాన ఒక వంక. ఏనుగులు తళి వైపు పోయేది దాని వెంబడే. అది మూస్తే పక్క ఊరి మీద పడతాయి. కంచె ఊరిని చుట్టాలి గానీ అడవిని కట్టేయకూడదు. అలా గీత మారిస్తే ఇద్దరు రైతుల చేలు కంచె బయట ఉండిపోతాయి. ఆ ఇద్దరికీ ఇది ఎలా చెప్పాలన్నది మా ఎవరికీ తెలియలేదు. చివరికి అక్కే చెప్పింది, వాళ్లు వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

నవంబరు

రాగి కంకి పాలుపోసుకుంటోంది. ఏనుగులు వచ్చిండాయని ఫోను. ఊళ్లో మంచెలు లేచాయి, రాత్రంతా టపాసులు, డబ్బా మోతలు. డబ్బు ఇంకా రాలేదు. బోర్డు మీటింగు వాయిదా పడింది.

రాగికి ఒక క్యాలెండరు, సీఎస్ఆర్‌కు ఒక క్యాలెండరు. జులై, ఆగస్టుల్లో విత్తి, డిసెంబరుకల్లా కోసేస్తారు. కంపెనీ డబ్బు జనవరిలో కదిలి మార్చిలో పరుగెడుతుంది. ఈ రెండూ ఎప్పటికీ కలవవని ఇప్పటికి అర్థమైంది కాబట్టి, ఈ ఏడాది పంటను కంచె కాపాడుతుందని ప్రపోజల్‌లో ఎక్కడా రాయలేదు. నష్టపోయినవాళ్లతో పరిహారం దరఖాస్తులు పెట్టించడమే ఈ నెల పని. తొక్కిన చేను ఫొటోలు, పహణీ (భూమి రికార్డు) కాపీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. ఒకాయన పహణీ ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. మేం ఇక్కడ కంచె ఎవరి పేరు మీద అని కొట్టుకుంటుంటే, నేలే ఇంకా పేరు మారలేదు.

మార్చి

డబ్బు పడింది, నెల రెండో సగంలో. దాంతో పాటు మెయిలు: నెలాఖరుకు వీలైనంత ఖర్చు చూపించండి. ఆన్‌గోయింగ్ అని రాసుకున్నందుకు బతికిపోయాం. లేకపోతే వారంలో స్తంభాలన్నీ పాతేయాల్సి వచ్చేది. అడ్వాన్సులు ఇచ్చాం, మిగిలింది ప్రత్యేక ఖాతాకు పోతుంది.

ఏప్రిల్

స్తంభాలు సగం దాకా నిలబడ్డాయి. ఆస్తి పత్రంలో సంఘం పేరు రాశాం, కంపెనీ వాళ్లు బోర్డు సైజు తగ్గించడానికి కూడా ఒప్పుకున్నారు.

సంఘం తీర్మానం: ఎకరాకు ఇంత అని ఏటా వసూలు, విడి ఖాతాలో. మూడేళ్ల తర్వాత కంపెనీ డబ్బు ఆగేసరికి ఒక బ్యాటరీ కొనేంతైనా అందులో ఉండాలి. కట్టనివాళ్ల సంగతేమిటని గొడవ. వాళ్ల చేను ముందు గడ్డి కోయకుండా వదిలేద్దామని ఒకాయన అన్నాడు.

"వదిలేస్తే పోయేది వాడి చేను ఒకటేనా? తీగంతా ఒకటే కదా, అక్కడ కరెంటు దిగిపోతే మనకూ రాదు" అంది అక్క. కోత అందరికీ, వసూలు అందరి దగ్గరా, కట్టనివాళ్ల పేరు గుడి దగ్గర బోర్డు మీద అని తేల్చారు. బయట ఉండిపోయిన రెండు చేలకు వేరే చిన్న ఎనర్జైజర్‌తో చుట్టు కంచె పెట్టొచ్చా అని సప్లయరును అడిగాం. ధర వచ్చింది, డబ్బు ఏ వరసలోంచి అన్నది ఇంకా తేలలేదు. కంపెనీకి రివిజన్ రాయాలి.

గోబర్ గ్యాస్ గుంతల్లో ఒకదానికి బండ తగిలింది, ఆ ఇంటి పెరట్లో ఇంకో జాగా చూస్తున్నారు. నీళ్ల పొయ్యిలు వేసే మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.